ముప్పై రోజుల గడువుతో స్మారకం: ఈవ్ ఆన్‌లైన్ సెక్యూర్ కంటైనర్‌పై నా సమీక్ష

ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష ఆటలో సెక్యూర్ కంటైనర్ అంటే అంతరిక్షంలో లంగరు వేసి, పాస్‌వర్డ్ పెట్టుకుని సరుకు దాచుకునే పెట్టె. ఖనిజం తవ్వేవాళ్లు ఎక్కువగా కొంటారు. నేను చాలా ఏళ్లుగా దీన్ని మా కార్పొరేషన్‌లో, అంటే ఆటలోని మా జట్టులో, నిజంగానే కన్నుమూసిన సహచరుల స్మారకాలకు వాడుతున్నాను. ఆ పనికి పనికొస్తుందా అంటే వస్తుంది. కానీ చూసుకోవడానికి మరో ఇద్దరు లేకపోతే మొదలుపెట్టవద్దని ముందే చెబుతాను.

పెట్టె పేరును మనమే పెట్టుకోవచ్చు. దగ్గరగా వచ్చిన ఎవరికైనా ఆ పేరు ఓవర్‌వ్యూలో, అంటే చుట్టూ ఉన్నవాటిని చూపే తెర జాబితాలో, కనిపిస్తుంది. 2003లో మొదలైన ఈ ఆటలో, చైనా సర్వర్‌ను మినహాయిస్తే, ఆటగాళ్లందరిదీ ఒకటే విశ్వం. అందువల్ల ఒకచోట పెట్టిన స్మారకం అందరికీ అక్కడే ఉంటుంది. ఎవరో ముక్కూమొహం తెలియని ఆటగాడు దారిన పోతూ ఆగి, మా మిత్రుడి పేరు చదివి, ఆయన ఎవరని మాకు సందేశం పంపుతాడు. నాకు ఈ పెట్టెలో అన్నిటికంటే విలువైనది అదే.

ఇక లోపల ఏముంటుందో చెబుతాను. ఈ ఆటలో పాడ్, అంటే పైలట్ ఉండే చిన్న గుళిక, పేలితే ఆ పాత్ర శవం గడ్డకట్టి అంతరిక్షంలో మిగిలిపోతుంది, దాని మీద పేరు కూడా ఉంటుంది. మా మిత్రుడి శవం ఒకటి ఒకప్పటి శత్రువు దగ్గర దొరికింది. ఏదో పాత పోరులో గెలిచి దాచుకున్నాడట. విషయం తెలియగానే ధర మాట ఎత్తకుండా ఇచ్చేశాడు. శవం పరిమాణం 2 ఘనపు మీటర్లే, చిన్న రకం పెట్టెలో 120 ఘనపు మీటర్ల సరుకు పడుతుంది. మిగతా చోటులో ఆయన ఎప్పుడూ వాడే తూటాలు కొన్ని వేశాం. పెట్టె తెరిచిన ప్రతిసారీ మొదటి వరుసలో ఆయన పేరు, దాని కింద ఆ తూటాల సంఖ్య కనిపిస్తాయి. ఆ తూటాలను ఎవరూ ముట్టుకోరు.

అసలు చిక్కు గడువు దగ్గరే. లంగరు వేసిన కంటైనర్‌ను 30 రోజుల పాటు ఎవరూ తెరవకపోతే ఆట దాన్ని తొలగిస్తుంది, లోపలి వస్తువులు కూడా దానితోపాటే పోతాయి. కారణం అర్థం కానిది కాదు. అంతరిక్షంలో వదిలేసిన ప్రతి వస్తువునూ సర్వర్ గుర్తుపెట్టుకోవాలి. రెండు దశాబ్దాలుగా జనం వదిలేసిన పెట్టెలన్నీ అలాగే ఉంటే ఆ భారానికి అంతుండదు. కానీ ఖాళీ పెట్టెకూ సమాధికీ తేడా ఆటకు తెలియదు. ఆ తేడా తెలిసిన మనుషులే నెల తిరగకముందు అక్కడికి వెళ్లి రావాలి. మేం పాస్‌వర్డ్‌ను ముగ్గురి దగ్గర ఉంచుతాం, వంతులు వేసుకుంటాం, పెట్టె ఉన్న చోటు బుక్‌మార్క్‌ను అందరికీ పంచుతాం. ఒకరు ఆట మానేస్తే వెంటనే మరొకరిని చేర్చుకుంటాం.

రెండో పరిమితి చోటుకు సంబంధించినది. ఆటలో ప్రతి నక్షత్ర వ్యవస్థకూ ఒక భద్రత అంకె ఉంటుంది. అది 0.7 లేదా అంతకు తక్కువ ఉన్న వ్యవస్థల్లోనే లంగరు పడుతుంది. పాస్‌వర్డ్ దొంగతనాన్ని ఆపుతుంది గానీ తుపాకీని ఆపదు. అందుకే రద్దీ దారులకు దూరంగా, ఒక చంద్రుడి పక్కన పెట్టమంటాను.

పేరు పెట్టుకోగల పెద్ద నిర్మాణాలు మేలు కదా అని చాలామంది అడుగుతారు. 2016లో వచ్చిన సిటడెల్‌కు, అంటే ఆటగాళ్లు కట్టుకునే భారీ స్టేషన్‌కు, మనిషి పేరు పెడితే ఎంతో గంభీరంగా ఉంటుంది, నిజమే. కానీ ఇంధనం లేకుండా ఏడు రోజులు గడిస్తే దాన్ని వదిలేసినట్టే లెక్క, ఆ తర్వాత కూల్చడం చాలా తేలిక. 2012లో బెంగాజీ దాడిలో మరణించిన అమెరికా దౌత్య ఉద్యోగి షాన్ స్మిత్ ఈ ఆటలో వైల్ ర్యాట్‌గా అందరికీ తెలిసినవాడు. ఆయన స్మృతిలో ఆటగాళ్లు ఎన్నో స్టేషన్ల పేర్లు మార్చారు. అప్పట్లో వాటిని ఎవరూ ధ్వంసం చేయలేకపోయేవారు. 2018లో అవుట్‌పోస్టులనే ఆ పాత స్టేషన్లన్నిటినీ కూల్చడానికి వీలున్న నిర్మాణాలుగా మార్చారు. సైనో దీపాలు, అంటే దూరపు ఓడలకు దారి చూపడానికి ఓడ నుంచి వెలిగించే వెలుగులు, వెలిగించి నివాళి అర్పించే ఆచారం కళ్లు చెమర్చేలా ఉంటుంది, అయితే ఒక్కో దీపం వెలిగేది మహా అయితే పది నిమిషాలే.

ఆటలో శాశ్వత స్మారకాలు లేవా అంటే ఉన్నాయి. 2014 జనవరిలో బీ-ఆర్5ఆర్‌బీ పోరులో ఆటలోని అతిపెద్ద ఓడలైన టైటాన్లు 75 కూలిన చోట ఆట తయారీదారులు వాటి శిథిలాలను శాశ్వతంగా ఉంచారు. 2006లో కూలిన మొదటి టైటాన్ శిథిలం ఇప్పటికీ చూడవచ్చు. ఓడల శిథిలాలకు ఇచ్చిన ఆ గౌరవం మనుషుల పేర్లకూ ఇవ్వాలని నా గట్టి కోరిక. అన్ని పెట్టెలకూ గడువు ఎత్తేయమని అడగడం లేదు. కార్పొరేషన్‌కు ఒకటి, లోపల ఏమీ పెట్టుకోలేనిదైనా సరే, పేరు, నాలుగు వాక్యాలు ఉంటే చాలు. సర్వర్‌కు అదేమంత బరువు కాదు.

అంతవరకు కొత్తగా పెట్టాలనుకునేవాళ్లు చిన్న రకమే తీసుకోండి. పెట్టె పేరు, లోపలి వస్తువుల స్క్రీన్‌షాట్లు ఆట బయట దాచండి. మొదటి వంతు తేదీని లంగరు వేసిన రోజే ముగ్గురి ఫోన్లలోనూ పెట్టుకోండి.