గుట్టలెక్కే కుక్కకు రబ్బరు బూట్లు: ముళ్లకు మంచివే, ఏటవాలు బండకు కాదు

ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల లోపు దొరికే నాలుగు బూట్ల సెట్టు ఇది. కింద రబ్బరు సోలు, పైన జాలీ గుడ్డ, బిగించడానికి వెల్‌క్రో పట్టీలు. వీధిలో తిప్పడానికైతే దండగ. గుత్తి కొండ మీదో, గండికోట వైపు ఎర్రమల గుట్టల అంచునో కుక్కను నడిపేవాళ్లు మాత్రం ఆలోచించొచ్చు.

పల్లేరు కాయలకు పూర్తి మార్కులు: సోలుకు గుచ్చుకుంటాయి గానీ పాదం దాకా దిగవు. సర్కారు తుమ్మ ముల్లు మాత్రం నిటారుగా దొరికితే సోలును కూడా దాటేస్తుంది. కంప నరికి పడేసిన చోట బూట్లున్నాయి కదా అని వదిలేయొద్దు.

వేడి సంగతి. చేతి వెనుక వైపు బండకు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే, ఆ బండ మీద కుక్కను ఒట్టి కాళ్లతో నడపకూడదు. బూట్లు కాలకుండా కాపాడతాయి, నిజమే. కానీ కుక్క ఒంటి వేడిని ముఖ్యంగా రొప్పుతూనే తగ్గించుకుంటుంది. బూట్లేసినా వడదెబ్బ వడదెబ్బే. వేసవిలో పొద్దుగూకినా బండలు సెగ కక్కుతూనే ఉంటాయి కాబట్టి తెల్లవారుజామే మేలు. అప్పుడు వేడి కోసం ఈ బూట్లతో పనే ఉండదు!

అసలు లోపం ఏటవాలు బండ మీద బయటపడుతుంది. కుక్క గోళ్లు ఆనించి పట్టు తెచ్చుకుంటుంది, బూటు ఆ పట్టు తీసేస్తుంది. నునుపుదేలిన కోట మెట్ల మీద, గులకరాళ్లు పరుచుకున్న దిగుడులో ముందుకాళ్లు జారతాయి. అక్కడ విప్పేయాల్సిందే. డబ్బు ఒక్కదానికే ఉంటే ముందు వీపు మీద పిడి ఉన్న హార్నెస్ (ఛాతీకి, వీపుకు చుట్టి కట్టే పట్టీలు) కొనండి. జారినప్పుడు మెడ బిగుసుకోకుండా పైకి లాగొచ్చు. దానికి ఆరడుగుల మామూలు తాడు చాలు. కుక్క లాగేకొద్దీ సాగే తాడు పెన్న లోయ అంచున వద్దే వద్దు, చాలాచోట్ల అడ్డుగోడ ఉండదు.

సైజు కంపెనీ చార్టులో జాతి పేరు చూసి ఎంచితే తప్పుతుంది. పాదాన్ని కాగితం మీద పెట్టించి, రెండో ముందుకాలు పైకెత్తండి. బరువు పడి పాదం విచ్చుకుంటుంది. అప్పుడు వెడల్పు గీసుకోవాలి. వెనక పాదాలు సాధారణంగా సన్నం, విడిగా కొలవండి. నాలుగూ ఒకే సైజు పంపే సెట్టు అయితే వెనక బూట్లే ముందు ఊడిపోతాయి.

పట్టీ కింద వేలు దూరాలి. ఊడుతున్నాయని ఇంకా బిగిస్తే పాదం వాస్తుంది, లోపలి వైపు పైకి ఉండే గోరు దగ్గర ఒరుసుకుని పుండు పడుతుంది. మొదట ఇంట్లో ఐదేసి నిమిషాలు వేసి అలవాటు చేయండి. గుట్ట మీద అరగంటకోసారి విప్పి ఇసుక దులపాలి.

వెల్‌క్రోలో గడ్డి గింజలు ఇరుక్కుంటే పట్టు పోతుంది. పాత టూత్‌బ్రష్‌తో గీకితే మళ్లీ పట్టుకుంటుంది. పట్టీ తెగితే చెప్పులు కుట్టేవాళ్లు కుట్టిస్తారు. సోలు ఊడితే మాత్రం కొత్త సెట్టే, విడిగా ఒక్క బూటు అమ్మేవాళ్లు అరుదు.