త్రిభుజం కోణాల మొత్తం: కాగితం చింపి చూపాలా, సమాంతర రేఖ గీయాలా?

త్రిభుజంలో మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలని పిల్లలకు చూపడానికి రెండు దారులు బాగా వాడుకలో ఉన్నాయి.

ఒకటి, కాగితం త్రిభుజం మూలలు చింపి ఒక బిందువు దగ్గర పక్కపక్కన పేర్చడం. మూడూ సరళరేఖ మీద సర్దుకుంటాయి. మొదటి పరిచయానికి ఇదే మంచిది, టెన్షన్ ఉండదు. కానీ మొత్తం 179 వచ్చినా కంటికి తేడా తెలియదు. పైగా అది చేతిలో ఉన్న ఆ ఒక్క త్రిభుజం సంగతే.

రెండోది రేఖ గీయడం. పీక్యూఆర్ త్రిభుజంలో పీ గుండా క్యూఆర్ భుజానికి సమాంతరంగా గీత గీయండి. క్యూ దగ్గరి కోణానికి సమానమైన ఏకాంతర కోణం (సమాంతర రేఖల మధ్య, వాటిని కోసే గీతకు అవతలి పక్కన ఏర్పడే కోణం) పీకి ఒక పక్కన, ఆర్ కోణానికి సమానమైనది మరో పక్కన కనిపిస్తాయి. మధ్యలో పీ కోణం ఎలాగూ ఉంది. మూడూ కలిస్తే సరళకోణం, అంటే 180 డిగ్రీలు. క్యూ 50, ఆర్ 60 అయితే పీ 70 కాక తప్పదు, కొలవక్కర్లేదు. త్రిభుజం ఎంత సన్నగా ఉన్నా వాదన మారదు.

నాకు ఈ రెండోదే ఎక్కువ ఇష్టం. ఈ ఫలితం దేని మీద నిలబడిందో అది చెబుతుంది: సమాంతర రేఖల మీద. గ్లోబు మీద ఉత్తర ధ్రువం నుంచి 90 డిగ్రీల ఎడంతో రెండు రేఖాంశాలను భూమధ్యరేఖ దాకా దించితే మూడు కోణాలూ లంబకోణాలే, మొత్తం 270. ఎందుకంటే గోళం మీద అలాంటి సమాంతర రేఖలు లేవు. కాగితం ముక్కలు ఈ కారణాన్ని చెప్పలేవు.