పొగతోట కీళ్లవాతం క్లినిక్: డాక్టరుకు ఐదు చుక్కలు, మెట్లకు సున్నా

ఏడాదిగా కావలి నుంచి నెల్లూరు తిరుగుతున్నా. నాది రుమటాయిడ్ ఆర్థరైటిస్. పొద్దున లేచాక గంటన్నర దాకా పిడికిలి బిగిసేది కాదు. జాకెట్లు కుట్టి బతికేదాన్ని, కత్తెర పట్టలేక పెళ్లిళ్ల సీజనంతా వదులుకున్నా.

మా అక్కకూ ఇదే జబ్బు. ఇద్దరికీ మెథోట్రెక్సేట్ మాత్రలే రాశారు, వారానికి ఒక్కరోజు. నాకు రెండు నెలలు దాటాక వాపు దిగింది. అక్కకు వాపు అట్లాగే ఉంది, పైగా మర్నాడంతా వికారం. "ఒక కడుపున పుట్టినవాళ్లమే కదా మేడం, ఇదేంటి?" అని అడిగా. విసుక్కోకుండా కాగితం మీద గీసి చెప్పారు. అక్కచెల్లెళ్లకైనా జన్యువులు దాదాపు సగమే కలుస్తాయట. ఈ మందు ఒంట్లో ఫోలేట్ అనే బి విటమిన్ పనికి అడ్డం పడుతుంది, ఆ ఫోలేట్‌ను నడిపే ఎంటీహెచ్‌ఎఫ్‌ఆర్ లాంటి జన్యువులు మనిషికో తీరుగా ఉంటాయట. అయితే వాటిని చూసి డోసు రాసేంతగా ఇంకా ఏదీ తేలలేదన్నారు. అంతకుముందే ఒక ల్యాబ్ ఏజెంట్ జీన్ టెస్టుకి తొమ్మిది వేలు అడిగి ఉన్నాడు. ఆ మాట చెబితే మేడం నవ్వి, "ఆ డబ్బుతో చేపలు కొనుక్కోమ్మా" అన్నారు.

చేపలా! పక్కింటావిడ మాట విని చేపలు, వంకాయ, చింతపండు ఏడాదిగా ముట్టలేదు. నెల్లూరు జిల్లాలో పుట్టి పులుసు మానేసిన పిచ్చిదాన్ని నేనే. కవళ్లలాంటి నూనె చేపలు వాపుకు కొంత మంచివేనట, మాత్రకు బదులు మాత్రం కాదట.

అక్కకు ఫోలిక్ యాసిడ్ (ఫోలేట్ మాత్రే) పెంచి, మెథోట్రెక్సేట్‌ను మాత్రకు బదులు ఇంజెక్షన్‌గా ఇచ్చారు. వికారం పోయింది. వాపు ఇప్పుడిప్పుడే దిగుతోంది.

కింద మందుల షాపబ్బాయికి కూడా మార్కులు వేయాలి. కవరు మీద ఎర్ర పెన్నుతో "ఆదివారం మాత్రమే" అని రాసిస్తాడు. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికే వస్తుంది మరి.

ఇక లోపాలు. పది గంటల టోకెన్‌కి ఒంటిగంటకు పిలుస్తారు. గది తలుపు మూయరు. సాయంత్రం తాగే అలవాటున్న ఒకాయనకు, ఈ మాత్రతో తాగితే లివర్ పాడవుతుందని చెప్పడం బయట కూర్చున్న మేమందరం విన్నాం. క్లినిక్ రెండో అంతస్తులో ఉంది, లిఫ్ట్ నేను వెళ్లిన నాలుగుసార్లూ పనిచేయలేదు. మోకాళ్లు పట్టుకుని ఎక్కేది మేమే కదా!