కర్జన్ దొర ఇళ్ళు చూసొచ్చాం, ఏది చూడాలి ఏది వదిలేయొచ్చు

ఒకప్పుడు ఇండియాకి వైస్రాయ్‌గా ఉన్న కర్జన్ పుట్టిన ఇల్లు, ఇంగ్లాండ్‌లో డెర్బీ దగ్గరున్న కెడిల్‌స్టన్ హాల్‌కి వెళ్ళేవాళ్ళకి ముందుగా ఒక్కటే చెప్తా, పొద్దున్నే బయల్దేరి రాత్రికి ఇంటికొచ్చి పడుకోండి, డెర్బీలో నైట్ స్టే పెట్టుకోకండి, పెట్టుకున్నా ఫొటోలు చూసి గెస్ట్ హౌస్ మాత్రం బుక్ చేయకండి. మేం అదే చేశాం. ఫ్యామిలీ రూమ్ 128 పౌండ్లు, అత్తయ్య మామయ్యలకి డబుల్ రూమ్ 84, బ్రేక్‌ఫాస్ట్ ఫ్రీ అని రాసుంది. వెళ్ళాక తెలిసింది ఫ్యామిలీ రూమ్ అంటే పైకప్పు కింద అటక అని, మంచం మీద నుంచి లేస్తే తల దూలానికి కొట్టుకుంటుంది. చిన్నోడికి ఇంకో పరుపు కావాలంటే 15 పౌండ్లు, కారు వెనక సందులో పెట్టుకుంటే 9. మొత్తం 236 అయ్యింది. రాత్రి పదింటికి హీటర్ దానంతటదే ఆగిపోయింది, కిటికీ పూర్తిగా మూసుకోదు, అత్తయ్య స్వెట్టర్ మీద శాలువా, శాలువా మీద నా జాకెట్ కప్పుకుని పడుకుంది. పొద్దున వెజిటేరియన్ అని ముందే మెయిల్ చేసినా కాల్చిన టమాటా ఒకటి, రెండు టోస్టులు, బీన్స్, అంతే. ఇదేంటండీ అని అడిగితే ఓనర్ నవ్వుతూ రూల్స్ అన్నీ సైట్లో ఉన్నాయి కదా అన్నాడు. ఆ నవ్వుకే ఎక్కువ కాలింది నాకు. గట్టిగా కంప్లయింట్ రాస్తే వారం తర్వాత, మళ్ళీ వస్తే 10 పౌండ్లు తగ్గిస్తాం అని మెయిల్ పెట్టారు. మళ్ళీ వెళ్తామా అక్కడికి!

అసలు ఇంత దూరం ఎందుకెళ్ళాం అంటే మామయ్య కోసం. ఆయన హనుమకొండలో డిగ్రీ కాలేజీలో హిస్టరీ చెప్పి రిటైర్ అయ్యారు, సొంతూరు నర్సంపేట వైపు. ఈసారి మా దగ్గరికి రెడింగ్ వచ్చేముందే ఫోన్లో చెప్పేశారు, లండన్ ఐ, మైనపు బొమ్మలు నాకొద్దు, కర్జన్ ఇల్లు చూపియ్యి అని. పక్క ఊరు నెక్కొండ అడవుల్లో 1902లో కర్జన్ పులిని కొట్టి, భార్యతో కలిసి దాని పక్కన నిలబడి ఫొటో దిగాడు, తీసింది రాజా దీన్ దయాళ్. ఆ ఫొటో మామయ్య పాత క్లాస్ నోట్సులో అంటించి ఉంటుంది.

కెడిల్‌స్టన్ మాత్రం గొప్పగా ఉంది, ఇందులో రెండో మాట లేదు. ఇక్కడి పాత ఇళ్ళు, కోటలు చూసుకునే సంస్థ నేషనల్ ట్రస్ట్ మెంబర్‌షిప్ ఉంటే టికెట్, పార్కింగ్ రెండూ ఫ్రీ, ఏడాదిలో నాలుగైదు చోట్లకి తిరిగేవాళ్ళు తీసేసుకోండి. 1760ల్లో రాబర్ట్ ఆడమ్ అనే ఆర్కిటెక్ట్ కట్టిన ఇల్లు, ఎదురుగా అడ్డొస్తోందని అక్కడున్న ఊరినే లేపేసి పక్కకి మార్చారట. లోపలికి అడుగుపెట్టగానే మార్బుల్ హాల్, రెండు వరసల్లో లేత గులాబీ చారల రాతి స్తంభాలు. రాజ్ భవన్‌గా పేరుపడ్డ కలకత్తా గవర్నర్ బంగళా ఈ ఇంటి నమూనా చూసి కట్టిందే, అందులో 1899 నుంచి 1905 దాకా వైస్రాయ్‌గా కూర్చుంది ఈ ఇంట్లో పుట్టిన కుర్రాడే.

కింద ఈస్టర్న్ మ్యూజియం ఉంది, ఇండియా, పర్షియా, ఇంకా ఎక్కడెక్కడినుంచో తెచ్చుకున్న కత్తులు, వెండి సామాన్లు, దంతం బొమ్మలు అద్దాల బీరువాల్లో కిక్కిరిసి ఉన్నాయి. నేనైతే లేడీ కర్జన్ నెమలి గౌను దగ్గరే ఆగిపోయా. 1903 ఢిల్లీ దర్బార్ డాన్స్‌కి వేసుకుంది. జరీ పని మన వాళ్ళదే, కుట్టింది మాత్రం పారిస్‌లో. గౌనంతా ఒకదాని మీద ఒకటి నెమలి ఈకలు, ఒక్కో ఈకలో కన్ను ఉండేచోట ఆకుపచ్చగా మెరుస్తోంది, మా ఆవిడ పచ్చలు అనుకుంది. వంగి చూస్తే పురుగు రెక్క! కంసాలి పురుగు రెక్కలు కత్తిరించి ఒక్కొక్కటీ కుట్టారు. 120 ఏళ్ళు దాటింది, జరీ నల్లబడింది గానీ రెక్కల రంగు అలాగే ఉంది. బరువు నాలుగున్నర కిలోలంట, అది వేసుకుని రాత్రంతా డాన్స్ ఎలా చేసిందో.

అక్కడ వాలంటీర్‌గా కూర్చున్న పెద్దావిడ మమ్మల్ని చూసి ఇండియాలో ఎక్కడ అని అడిగింది, మామయ్య అందుకోసమే చూస్తున్నట్టున్నారు. అప్పటి నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఏడాదికి 25 లక్షల రూపాయల మీద, ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్న బీరారు ప్రాంతాన్ని కర్జన్ శాశ్వత లీజు కింద ఎలా రాయించుకున్నాడో, దానికి బదులు నిజాంకి జీసీబీ బిరుదు ఇస్తే హైదరాబాద్ వాళ్ళు ఆ జీ, సీ, బీ అంటే "గేవ్ కర్జన్ బీరార్" (కర్జన్‌కి బీరారు ఇచ్చేశాడు) అని ఎలా నవ్వుకున్నారో అంతా ఇంగ్లీషులో చెప్పారు. ఆవిడ విసుక్కోలేదు సరికదా చిన్న డైరీ తీసి నెక్కొండ స్పెల్లింగ్ అడిగి రాసుకుంది. మామయ్య మొహం వెలిగిపోయింది, రాత్రి చలి కూడా మర్చిపోయారు. బయటికొచ్చాక మాత్రం "మా అడవిల పులిని కొట్టిండు, మా బీరారు గుంజుకున్నడు, బెంగాల్‌ను రెండు ముక్కలు జేసిండు, ఇంట్ల సామాన్లు మాత్రం పైలంగ పెట్టుకున్నడు" అని కార్ పార్క్ దాకా ఒకటే గొణుగుడు. ఆ 1905 బెంగాల్ విభజన వల్లే కదా 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి దాకా వచ్చి మన వాళ్ళలో వందేమాతరం వేడి పుట్టించింది.

ఇంటి పక్కనే చర్చి, తప్పకుండా లోపలికెళ్ళండి. కర్జన్ భార్య మేరీ 1906లో 36 ఏళ్ళకే పోయింది, షికాగో కోటీశ్వరుడి కూతురు. తెల్ల పాలరాతిలో ఆవిడ పడుకున్నట్టు చెక్కించి, పక్కనే తన బొమ్మ కూడా పెట్టించుకున్నాడు. మా ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది, అయితే అది మాంటెక్యూట్ వెళ్ళేదాకే.

మాంటెక్యూట్ హౌస్ సోమర్సెట్‌లో, ఇంకో వారం వెళ్ళాం, డ్రైవ్ హాయిగా సాగింది, లంచ్ ఇంటినుంచి పులిహోర. ఈ ఇల్లు కర్జన్ 1915లో అద్దెకి తీసుకుని, డెకరేషన్ పని తన స్నేహితురాలైన రచయిత్రికి అప్పజెప్పాడు, ఆమె ఆ పనిలో ఉండగానే ఈయన ఇంకో ఆవిడని పెళ్ళి చేసుకోబోతున్నట్టు పేపర్లో చదువుకుంది. అది విన్నాక మా ఆవిడ కర్జన్ పేరెత్తడం మానేసింది. ఆయన పడగ్గదిలో చెక్క అల్మారా తలుపు తెరిస్తే లోపల స్నానం తొట్టి, పిల్లలకి పిచ్చగా నచ్చింది, అక్కడినుంచి కదలరే. 172 అడుగుల పొడవు గ్యాలరీలో పరుగులు కూడా పెట్టారు. 1923లో బ్రిటన్ ప్రధాని పదవి ఖాళీ అయినప్పుడు కర్జన్ ఇక్కడే ఉన్నాడు, ఇంట్లో ఫోన్ లేదు, రాజు సెక్రటరీ నుంచి టెలిగ్రామ్ వస్తే ప్రధానిని చేస్తున్నారు అనుకుని రైలెక్కి లండన్ వెళ్ళాడు. అక్కడికెళ్తే బాల్డ్విన్ అనే ఇంకో మంత్రిని అనుకున్నాం అన్నారు. ప్రతిపక్షం లేబర్ పార్టీ అంతా జనం ఎన్నుకునే కామన్స్ సభలో ఉంటే, ప్రధాని కర్జన్‌లాగా ప్రభువుల సభ లార్డ్స్‌లో కూర్చుంటే కుదరదు అన్నది పైకి చెప్పిన కారణం, మనిషి పొగరు కూడా అడ్డొచ్చింది అనేవాళ్ళూ ఉన్నారు. అయినా ఆ బాల్డ్విన్ కిందే విదేశాంగ మంత్రిగా పనిచేశాడు, 1925లో పోయాడు. కుర్రతనంలో గుర్రం మీదనుంచి పడి వెన్ను దెబ్బతింటే జీవితాంతం నడుముకి స్టీలు పట్టీ కట్టుకునే తిరిగాడని మామయ్య చెప్తే అత్తయ్య "అయ్యో, నడుము నొప్పి మనిషా" అని ఆ రోజుకి ఆయన పార్టీలో చేరిపోయింది.

లండన్ కార్ల్టన్ హౌస్ టెర్రస్ దగ్గర విగ్రహం ఉంది, దానికోసం స్పెషల్‌గా వెళ్ళక్కర్లేదు, వానలో ఐదు నిమిషాలు నిలబడి ఫొటో దిగి వచ్చేశాం.

పిల్లలుంటే మాత్రం ససెక్స్‌లో బోడియమ్ కోట పెట్టుకోండి. 1385 నాటిది, చుట్టూ కందకం నిండా నీళ్ళు, బొమ్మల పుస్తకంలో కోటలాగే ఉంటుంది. కర్జన్ 1917లో కొని, రిపేర్లు చేయించి, పోయేముందు దేశానికి రాసిచ్చాడు. ఇండియాలో 1904 పురాతన కట్టడాల చట్టం తెచ్చిందీ ఆయనే, ఇది మాత్రం మామయ్య కూడా ఒప్పుకుంటారు, తిట్టుకుంటూనే. బురుజు మెట్లు ఇరుకు, మెలికలు తిరిగి ఉంటాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఎక్కకండి, కందకం చుట్టూ దారి చదునుగా ఉంది, అత్తయ్య రెండు రౌండ్లు వేసి బెంచీ మీద కూర్చుని మాకంటే ముందే ఫ్లాస్కులో టీ మొత్తం ఖాళీ చేసింది.