ఇయర్‌బడ్స్, వాచ్: రెండేళ్లు వాడాక

రెండు వేల లోపు ఇయర్‌బడ్స్, ఒక మామూలు స్మార్ట్‌వాచ్. కంపెనీ పేరు వద్దులెండి. సౌండ్ బాగుంది, మైక్ ఓ మోస్తరు, బ్యాటరీ ఇప్పుడు సగానికి పడిపోయింది. నన్ను సతాయించింది మాత్రం కనెక్షనే.

సాయంత్రం తిరుపతి గాంధీ రోడ్డు రద్దీలో నడిచినా పాట తెగదు. పొద్దున్నే ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్‌లో, చుట్టుపక్కల మనిషి లేనప్పుడు తెగుతుంది! పాడైపోయాయనుకుని కొన్న షాపుకే తీసుకెళ్లాను. అక్కడి కుర్రాడు బడ్స్ చూడనే లేదు. "ఫోన్ ఏ జేబులో పెట్టుకుంటారన్నా?" అన్నాడు. ఎడమ జేబులో.

సంగతి అదే. బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల మీద. మన ఒంట్లో ఎక్కువ భాగం నీళ్లే, అవి ఆ సిగ్నల్‌ని బాగా మింగేస్తాయి. నా బడ్స్‌లో ఫోన్ నుంచి పాట అందుకునేది కుడిది, అది ఎడమదానికి పంపుతుంది. ఎడమ జేబు నుంచి కుడి చెవికి మధ్యలో నేనే అడ్డం. గాంధీ రోడ్డులో రెండు పక్కలా షాపుల గోడలకు తగిలి సిగ్నల్ చుట్టు తిరిగి వస్తుంది. గ్రౌండ్‌లో తగలడానికి ఏముంది?

కుడి జేబులోకి మార్చాక రెండు చెవుల్లో ఒకేసారి తెగడం దాదాపు పోయింది. ఎడమది ఒక్కటే అప్పుడప్పుడు తెగుతుంది. దానికి తల అడ్డం, తీసి పక్కన పెట్టలేం కదా.

ఆర్టీసీ బస్టాండ్‌లో గోల వేరు. అందరి బ్లూటూత్, చాలావరకు వైఫై కూడా ఆ 2.4 గిగాహెర్ట్జ్ మీదే తిరుగుతాయి. బ్లూటూత్ సెకనుకు 1600 సార్లు దాకా ఛానెల్ మార్చుకుంటూ తప్పించుకుంటుంది కాబట్టి నెట్టుకొస్తోంది. ఇంట్లో మా ఆవిడ మైక్రోవేవ్‌లో పాలు పెడితే మాత్రం వంటింట్లో పాట గరగరమంటుంది, అదీ 2.4 మీదే నడుస్తుంది మరి.

వాచ్ గురించి ఒక్క మాట. అలిపిరి మెట్లు 3550 ఎక్కిన రోజు ఫోన్ బ్యాగు అడుగున, బ్యాగు మా తమ్ముడి భుజాన, వాడేమో నాకంటే చాలా ముందు. అడుగుల లెక్క వాచ్‌లోనే ఉండి తర్వాత ఫోన్‌లోకి ఎక్కింది, ఒక్కటీ పోలేదు. ఇంటి నుంచి వచ్చిన రెండు కాల్స్‌కి మాత్రం వాచ్ వణకలేదు. తిట్లు నాకే.

ఈసారి ఫోన్ నుంచి రెండు బడ్స్‌కీ విడివిడిగా పాట వెళ్లే రకం కొంటాను. షాపులో చెవిలో పెట్టి చూస్తే అన్నీ బాగానే పాడతాయి. గ్రౌండ్‌కి తీసుకెళ్లి చూస్తానంటే ఆ కుర్రాడు ఒప్పుకోవాలి కదా.