సౌండ్ దానంతటదే మానిటర్‌లోకి వెళ్లిపోతుంటే: డిఫాల్టా, డిసేబులా, డివైస్ మేనేజరా?

మానిటర్‌కి హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టగానే ల్యాప్‌టాప్ మూగబోయిందని, స్పీకర్లు పోయాయేమోనని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. స్పీకర్లకి ఏమీ కాలేదు. ఆ కేబుల్‌లో బొమ్మతో పాటు శబ్దం కూడా వెళ్తుంది. అందుకని విండోస్ మానిటర్‌ని కూడా ఒక స్పీకర్ కింద జమకట్టి సౌండ్ అటు పంపేస్తుంది. చాలా మానిటర్లకి స్పీకర్లే ఉండవు, మహా అయితే వెనకాల హెడ్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం ఒకటి ఉంటుంది. విండోస్‌కి అదేం పట్టదు.

అందరూ మొదట చేసేది టాస్క్‌బార్‌లో స్పీకర్ గుర్తు నొక్కి పాత స్పీకర్లని ఎంచుకోవడం, లేదా సౌండ్ సెట్టింగ్స్‌లో వాటిని డిఫాల్ట్ చేయడం, అంటే మామూలుగా సౌండ్ అటే వెళ్లాలని చెప్పడం. ఆ పూటకి పని జరుగుతుంది. మీరు టీకి లేచి వెళ్తారు, ఈలోపు మానిటర్ నిద్రపోతుంది. డిస్‌ప్లేపోర్ట్ (హెచ్‌డీఎంఐ లాంటిదే ఇంకో కేబుల్)తో కలిపిన మానిటర్లు చాలావరకు నిద్రలోకి జారితే కంప్యూటర్‌కి కేబుల్ పీకేసినట్టే లెక్క. మీరొచ్చి మౌస్ కదపగానే మళ్లీ గుచ్చినట్టు. కొన్ని మెషిన్లు మీరు పెట్టిన డిఫాల్ట్‌ని గుర్తుంచుకుంటాయి, కొన్ని మళ్లీ మానిటర్‌నే పట్టుకుంటాయి. నా మటుకు ఏది మేలో తేల్చేది ఇదే: మానిటర్ నిద్ర లేచాక కూడా సెట్టింగ్ నిలబడాలి. డిఫాల్ట్ ఆ పరీక్షలో నమ్మకంగా నెగ్గదు.

నెగ్గేది డిసేబుల్, అంటే మానిటర్‌ని సౌండ్ జాబితాలోంచే తీసేయడం. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి ఎం-ఎం-ఎస్-వై-ఎస్, చుక్క, సీ-పీ-ఎల్ అని కొట్టండి. పాత సౌండ్ కిటికీ తెరుచుకుంటుంది. ప్లేబ్యాక్ ట్యాబ్‌లో మానిటర్ పేరు మీద రైట్ క్లిక్, డిసేబుల్. అంతే. విండోస్ 11 సెట్టింగ్స్‌లోనైతే ఆ పరికరం పేజీలో ‘డోంట్ అలో’ అనే బటన్ ఉంటుంది. రెండూ చేసే పని ఒకటే. జాబితాలో లేని పరికరానికి సౌండ్ మారే ప్రసక్తే లేదు కదా. డిసేబుల్ చేశాక పేరు మాయమైందని కంగారు పడొద్దు. ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి ‘షో డిసేబుల్డ్ డివైసెస్’కి టిక్ పెడితే బూడిద రంగులో కనిపిస్తుంది, కావాలంటే మళ్లీ ఎనేబుల్ చేసుకోవచ్చు.

కంప్యూటర్ భాగాలన్నీ కనిపించే డివైస్ మేనేజర్‌లోకెళ్లి ఎన్విడియా హై డెఫినిషన్ ఆడియోనో, ఇంటెల్ డిస్‌ప్లే ఆడియోనో ఆపేయమనే సలహా చాలాచోట్ల వినిపిస్తుంది. పనిచేస్తుంది, కాదనను. కానీ మీరు అక్కడ ఆపుతున్నది మానిటర్‌ని కాదు, గ్రాఫిక్స్ వైపు నుంచి వెళ్లే శబ్దం మొత్తాన్ని. ఆదివారం అదే ల్యాప్‌టాప్‌ని టీవీకి తగిలించి సినిమా పెడితే బొమ్మ వస్తుంది, మాట రాదు. ఎప్పుడో ఆపిన సంగతి అప్పటికి ఎవరికి గుర్తుంటుంది? సౌండ్ కిటికీలోనైతే మానిటర్ వేరు, టీవీ వేరు. ఒకదాన్ని ఆపినా సాధారణంగా రెండోది పలుకుతుంది. హెచ్‌డీఎంఐలో శబ్దం ఎన్నటికీ అక్కర్లేని ఆఫీసు డెస్క్‌టాప్‌కైతే డివైస్ మేనేజర్ దారి సరే. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్లు డ్రైవర్ అప్‌డేట్ చేసేటప్పుడు కస్టమ్ ఇన్‌స్టాల్ ఎంచుకుని హెచ్‌డీ ఆడియో డ్రైవర్ టిక్ తీసేయండి. లేకపోతే అది మళ్లీ దిగబడొచ్చు.

సౌండ్ బ్లూటూత్ హెడ్‌సెట్‌లోకి వెళ్లిపోతుంటే ఆ సంగతి వేరు. హెడ్‌సెట్‌నే డిసేబుల్ చేస్తే కొనుక్కున్నదెందుకు? అక్కడ ఒక్కో యాప్‌ని ఒక్కో పరికరానికి ముడిపెట్టడం మేలు. సౌండ్ సెట్టింగ్స్‌లోని వాల్యూమ్ మిక్సర్‌లో ఏ యాప్ శబ్దం ఎటు వెళ్లాలో విడివిడిగా చెప్పొచ్చు. జూమ్ సెట్టింగ్స్‌లో స్పీకర్ దగ్గర ‘సేమ్ యాజ్ సిస్టమ్’ అని ఉంటే తీసేసి ఫలానా పరికరం అని పెట్టండి. మైక్ మాత్రం ల్యాప్‌టాప్‌దే ఎంచుకోండి. హెడ్‌సెట్ మైక్ వాడగానే మామూలు బ్లూటూత్ స్టీరియో వదిలేసి ఫోన్ కాల్ మోడ్‌లోకి దిగుతుంది, అంతా డబ్బాలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. విండోస్ 10లో ఒకే హెడ్‌సెట్ స్టీరియో, హ్యాండ్స్‌ఫ్రీ అని రెండు పేర్లతో కనిపించేది అందుకే.

మ్యాక్‌లో అవుట్‌పుట్‌ని ఇలా డిసేబుల్ చేసే మీట లేదు. గొడవ ఆపిల్ ఇయర్‌ఫోన్లు ఎయిర్‌పాడ్స్‌తోనైతే బ్లూటూత్ సెట్టింగ్స్‌లో ‘కనెక్ట్ టు దిస్ మ్యాక్’ దగ్గర ‘ఆటోమేటికల్లీ’ తీసేసి రెండోది పెట్టండి. లినక్స్ వాడేవాళ్లు పావుకంట్రోల్ అనే సౌండ్ యాప్‌లో కాన్ఫిగరేషన్ ట్యాబ్ తెరిచి హెచ్‌డీఎంఐ ప్రొఫైల్‌ని ఆఫ్ చేస్తే సరి. సౌండ్‌స్విచ్ లాంటి ఉచిత యాప్‌లు కూడా ఉన్నాయి. ఒక షార్ట్‌కట్‌తో స్పీకర్ నుంచి హెడ్‌ఫోన్‌కి మారడానికి బాగుంటాయి. మానిటర్ గొడవ ఒక్కదానికే అయితే వాటితో పనిలేదు.