నాలుగు ఎముకలు ఒకేసారి: చెన్నైలోని ఒక ఎత్తు పెంపు క్లినిక్ సలహా సేవపై సమీక్ష

చెన్నైలో ఎత్తు పెంచే శస్త్రచికిత్సలు చేసే ఒక క్లినిక్‌కు మా మేనల్లుడిని వెంటబెట్టుకుని నెల్లూరు నుంచి వెళ్ళి వచ్చాను. ఆపరేషన్ జరగలేదు కనుక ఈ సమీక్ష అక్కడ ఇచ్చిన సలహాకు, చెప్పిన లెక్కలకు, చేతికిచ్చిన కొటేషన్‌కు మాత్రమే పరిమితం. కుర్రవాడి ఎత్తు 163 సెంటీమీటర్లు. వచ్చిన సంబంధాలు ఎత్తు దగ్గరే ఆగిపోతున్నాయన్నది వాడి బాధ, అది వాడు కల్పించుకున్నది కాదని ఇంటిల్లిపాదికీ తెలుసు. వాడు అడిగినది మామూలు ఆపరేషన్ కాదు. రెండు తొడ ఎముకలను, మోకాళ్ళ కింది రెండు ఎముకలను ఒకే విడతలో కోసి పొడిగించే ప్యాకేజీ.

ముందుగా మెచ్చుకోవలసినవి చెబుతాను. తుంటి నుంచి చీలమండ దాకా నిలబెట్టి ఎక్స్‌రే తీశారు, ఏ ఎముక ఎంత పొడవో తెర మీద కొలిచి చూపించారు. పద్ధతిని వివరించడంలోనూ తొందరపడలేదు. 1950లలో సోవియట్ వైద్యుడు ఇలిజరోవ్ కుర్గాన్‌లో రూపొందించిన సూత్రమే నేటికీ ఆధారం. ఎముకను కోసి, సుమారు ఒక వారం ఆగి, ఆ తరువాత రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున, దానినీ నాలుగు భాగాలు చేసి జరుపుతూ పోతే, ఆ సందులో కొత్త ఎముక పుడుతుంది. బయటి రింగులకు బదులు ఎముక లోపల అమర్చే అయస్కాంతపు రాడ్డును మా చేతికిచ్చి, పైనుంచి యంత్రం ఆనించి మీట నొక్కారు. చప్పుడు తప్ప కంటికి కదలిక కనిపించలేదు, కానీ కాసేపటికి రాడ్డు మీద గీసిన గీత గొట్టం అంచు దాటి బయటికి వచ్చింది.

ఆకర్షణను తేలిగ్గా కొట్టిపారేయలేను. మోకాలి కింది ఎముక పొడవు తొడ ఎముకలో సుమారు ఐదింట నాలుగు వంతులు ఉంటుంది. ఒక్క తొడనే ఎనిమిది సెంటీమీటర్లు సాగదీస్తే ఆ పొంతన చెడుతుంది. తొడలో ఆరు, కింద ఐదు కలిపితే పదకొండు వస్తాయి, కాళ్ళు కాళ్ళలాగే కనిపిస్తాయి. మత్తు ఒకసారి, ఉద్యోగానికి సెలవు ఒకసారి, చుట్టాలకు చెప్పవలసిన సాకు కూడా ఒకసారే.

ఆ కలిసివచ్చే కాలం దగ్గరే క్లినిక్ లెక్క నాకు నమ్మబుద్ధి కాలేదు. తొడ దగ్గర ఒక మిల్లీమీటరు, కింద ఒక మిల్లీమీటరు జరిపితే, పిరుదు నుంచి పాదం దాకా సాగే నరానికి రోజుకు రెండు మిల్లీమీటర్ల లాగుడు పడుతుంది. తిమ్మిరో, పాదం పైకి లేవకపోవడమో కనిపిస్తే వేగం తగ్గించక తప్పదు. వేగాన్ని సగం చేస్తే అరవై రోజులనుకున్నది నూట ఇరవై అవుతుంది. అదీ సాగదీయడానికే. ఎముక గట్టిపడడానికి సెంటీమీటరుకు నెల చొప్పున వేసుకోమని వాళ్ళే అన్నారు. అయినా కరపత్రంలో మాత్రం ‘సగం కాలంలో రెట్టింపు ఎత్తు’ అనే ఉంది.

తిరిగి వచ్చాక నెల్లూరు పొగతోటలో ఒక ఎముకల వైద్యుడికి ఎక్స్‌రేలు చూపించాము. ఆయన కుర్రవాడిని బల్ల మీద పడుకోబెట్టి, మోకాలు వంగకుండా ఒక చేత్తో అదిమి, రెండో చేత్తో పాదాన్ని మొహం వైపుకు నెట్టారు. పాదం నిటారు దాటి కొద్దిగా వచ్చి ఆగిపోయింది. “ఇప్పుడే ఇంత బిగువు, బాబూ. కింది ఎముక సాగితే పిక్క ఇంకా బిగిసి మడమ లేస్తుంది” అన్నారు. తొడ వెనుక కండలు తొడ ఎముకతో, పిక్క కింది ఎముకతో బిగుస్తాయని, రెండూ మోకాలిని వంచేవే కనుక నాలుగు ఎముకల పద్ధతిలో మోకాలు రెండింటి మధ్య చిక్కుతుందని ఆయన చెప్పిన మాట చెన్నైలో ఎవరూ చెప్పలేదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టినది మూలుగ సంగతి. రాడ్డు దిగడానికి ఎముకను లోపల తొలిచినప్పుడు మూలుగలోని కొవ్వు కణికలు రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు చేరవచ్చు. తొలిచే పెద్ద ఎముకలు పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. ఆయాసం, మతి తప్పడం వంటి లక్షణాలు సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల్లో బయటపడతాయి, ప్రాణాపాయమూ ఉంది. అందుకే కొందరు సర్జన్లు తొడలు ముందు, కింది ఎముకలు కొన్ని వారాల తరువాత చేస్తారు. ఈ ప్రశ్న మేము అడిగితేనే జవాబు వచ్చింది, అదీ “మా దగ్గర ఐసీయూ ఉంది” అన్నంత వరకే. కాళ్ళలో గడ్డకట్టే రక్తం గురించి మాత్రం వాళ్ళంతట వాళ్ళే చెప్పారు.

ఇలాంటి చోట్ల వినిపించే ‘మరునాటి నుంచే నడక’ అన్న మాటను ఏ రాడ్డుకు వర్తిస్తుందో అడగకుండా నమ్మకూడదు. పూర్తి బరువు మోయడానికి తెచ్చిన స్ట్రైడ్ అనే ఉక్కు రాడ్డును, తుప్పు, ఎముకలో మార్పుల ఫిర్యాదులతో 2021లో తయారీదారే వెనక్కి తీసుకున్నారు. టైటానియం రాడ్డుతో చాలాకాలం పాక్షిక బరువే. కొటేషన్‌లో రాడ్డు తీసే ఆపరేషన్ లేదు, డిశ్చార్జి తరువాతి ఫిజియోథెరపీ లేదు, అతుకు పడకపోతే చేసే చికిత్స లేదు. సౌందర్య చికిత్సకు ఆరోగ్య బీమా డబ్బు ఇవ్వదు. కానిస్టేబుల్ ఎంపికకు కావలసిన 167.6 సెంటీమీటర్ల కోసం దీనివైపు చూసే పిల్లలు, అదే ఎంపికలో 1600 మీటర్ల పరుగు కూడా ఉందని గుర్తుంచుకోవాలి.

నెల్లూరులో ఉండి కోలుకుంటే రోజూ మోకాలు, మడమ సాగదీయించేది ఎవరు, రాత్రివేళ ఊపిరి అందకపోతే ఎవరికి ఫోన్ చేయాలి అన్న ప్రశ్నలకు వాట్సాప్ నంబరు చూపించారు. “మామా, తొడలు మాత్రమే, అయిదు సెంటీమీటర్లే చేయిస్తే?” అని ఇప్పుడు వాడు అడుగుతున్నాడు. దానికి నా దగ్గర వెంటనే కాదనే జవాబు లేదు. ఈ క్లినిక్ సలహా సేవకు ఐదింట మూడు ఇస్తాను. నాలుగు ఎముకల ప్యాకేజీని ఎవరికీ సూచించను. ఎక్స్‌రేల సీడీని అడగగానే రుసుము లేకుండా ఇచ్చారు, వేరే వైద్యుడి అభిప్రాయం కోరేవారు దాన్ని తప్పక తీసుకోవాలి.